కారు ఫ్యానుకు చేతి స్విచ్చి: ఒక సవరణ

ఆఫీసులో మేము పంపిన ఉత్తర్వులో తప్పు దొర్లితే, దాని వెనుకనే "సవరణ" అని మరొక కాగితం పంపడం ఆచారం. మొదటి కాగితం ఎందరికి వెళ్ళిందో రెండవది కూడా అందరికీ వెళ్ళవలెను. మొదటిది గట్టిగానూ, రెండవది గుసగుసగానూ చెప్పరాదు. ఈ నెల ఈ పుటను అటువంటి సవరణ కాగితం అనుకోండి.

2023 దీపావళి సంచికలో, ఈ శీర్షిక కిందనే, మా కారు ఫ్యానుకు చేతి స్విచ్చి పెట్టించుకున్న వైనం వ్రాశాను. "ఏభై రూపాయల స్విచ్చి, నాలుగు గజాల తీగె, ఇక ఘాటురోడ్డు మీద నిశ్చింత" అని కూడా వ్రాశాను. జయపురం నుంచి ఒకరు, రాయగడ నుంచి ఒకరు తామూ అలాగే పెట్టించుకుంటున్నామని ఉత్తరాలు పంపారు. బరంపురం నుంచి ఒక అమ్మగారు తమ అబ్బాయి కారుకు అది ఏ వైపున పెట్టించాలో చెప్పమన్నారు. ఆ ముగ్గురికీ, ఉత్తరం వ్రాయకుండా పెట్టించుకున్నవారికీ నా మనవి ఏమంటే, స్విచ్చి పెట్టించుకోవడంలో తప్పు లేదు. నేను పెట్టించుకున్న తీరులో తప్పున్నది. ఆ తప్పు ఎక్కడున్నదో నాకు తెలిసినది 2024 మే నెలలో, సుంకి ఘాటులో, మిట్టమధ్యాహ్నపు ఎండలో.

సంగతి చెప్పేముందు, ఆ ఫ్యాను చేసే పని ఏమిటో ఒకసారి చూద్దాం. కారు విషయం మాకెందుకనుకునే ఇల్లాళ్ళు కూడా ఈ రెండు పేరాలు దాటెయ్యవద్దని కోరుతున్నాను. ఎందుకో చివరకు తెలుస్తుంది.

ఇంజనులో పెట్రోలు మండి పుట్టే వేడిలో కొంత మాత్రమే బండిని నడుపుతుంది. మిగిలినదానిలో కొంత పొగగొట్టం గుండా పోతుంది, కొంత ఇంజను చుట్టూ తిరిగే నీళ్ళలోకి పోతుంది. ఆ నీళ్ళు బండి ముందరి భాగంలోని రేడియేటరుకు వచ్చి, సన్నని గొట్టాలలో పారి, గాలి తగిలి చల్లబడి, తిరిగి ఇంజనుకు పోతాయి. బండి గంటకు అరవై కిలోమీటర్ల వేగంతో పోతున్నప్పుడు ఎదురుగాలే చాలు. రైల్వేగేటు దగ్గర ఆగినప్పుడు, సంతరోజున బజారులో ఇరుక్కున్నప్పుడు, కొండెక్కే లారీ వెనుక మొదటి గేరులో పాకినప్పుడు ఎదురుగాలి ఉండదు. వేడి మాత్రం ఉంటుంది. అప్పుడు రేడియేటరు వెనుక ఉన్న ఫ్యాను తిరిగి గాలిని లాగాలి.

వెనుకటి అంబాసిడరు, పద్మిని కార్లలో ఈ ఫ్యాను ఇంజనుతోపాటు బెల్టుమీద తిరిగేది. ఇంజను తిరిగినంతసేపూ అదీ తిరుగుతుంది. అవసరం ఉన్నా తిరుగుతుంది, లేకపోయినా తిరుగుతుంది. బండి నిలబడి ఇంజను మెల్లగా తిరిగేటప్పుడు, అంటే గాలి బాగా కావలసినప్పుడు, అదీ మెల్లగానే తిరుగుతుంది. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చిన తరువాత ఇంజను అడ్డంగా పెట్టిన చిన్న కార్లు మన ఇళ్ళకు వచ్చాయి. వాటిలో ఫ్యానుకు వేరే కరెంటు మోటారు ఉంటుంది. దానిని ఎప్పుడు తిప్పాలో చెప్పడానికి ఒక కాపలాదారు కావాలి. పాత బండ్లలో అది రేడియేటరులో బిగించిన వేడి స్విచ్చి. నీళ్ళు సుమారు 95 డిగ్రీలకు వస్తే కలుస్తుంది, కొంచెం చల్లబడగానే విడిపోతుంది. తరువాతి బండ్లలో వేడి కొలిచే సెన్సారు ఉంటుంది. అది చెప్పిన లెక్క చూసి ఇంజను కంప్యూటరు ఫ్యానుకు ఉత్తర్వు ఇస్తుంది. ఎవరు ఉత్తర్వు ఇచ్చినా, దానిని అమలు జరిపేది రిలే అనే చిన్న పెట్టె. అగ్గిపెట్టెకంటె చిన్నది. సన్నని తీగెలో వచ్చిన చిన్న కరెంటుతో లోపలి అయస్కాంతం పనిచేసి, ఫ్యానుకు కావలసిన పెద్ద కరెంటును కలుపుతుంది.

మా కారు 2009 నాటిది, చిన్నది. 2023 వానాకాలంలో ఒకనాడు ఊళ్ళోనే ముల్లు పైకి పోవడం చూశాను. ఫ్యాను తిరగడం లేదు. మా ఊళ్ళో ఇళ్ళకు లైట్లు బిగించే ఒక కుర్రవాడు కార్లపని కూడా చేస్తాడంటే తీసుకుపోయాను. బ్యాటరీ నుంచి నేరుగా తీగె తగిలిస్తే ఫ్యాను తిరిగింది. మోటారు బాగున్నదన్న మాట. అతడు పాత తీగెను కత్తిరించి, బ్యాటరీ నుంచి ఒక తీగె లాగి, డ్యాష్‌బోర్డు కింద నా ఎడమ మోకాలి దగ్గర ఒక స్విచ్చి బిగించి, అక్కడి నుంచి ఫ్యానుకు మరొక తీగె లాగాడు. "బాబూ, ఇకమీదట మీ చేతిలో ఉంది" అని ఒరియాలో చెప్పి రెండు వందలు పుచ్చుకున్నాడు. నాకు ఎంతో సంతోషం వేసింది. కంప్యూటరు చేతిలో ఉన్న పెత్తనం మన చేతికి వచ్చిందనుకున్నాను. మరునాడే కూర్చుని ఈ పుటకు వ్రాసి పంపాను.

ఎనిమిది నెలలపాటు బాగానే నడిచింది. బజారులోకి పోగానే స్విచ్చి వేసేవాణ్ణి, బయటపడగానే తీసేవాణ్ణి. ఒకటి రెండుసార్లు మా ఆవిడ, "ఏదో ప్లాస్టిక్కు కాలుతున్న వాసన వస్తోంది" అన్నది. "పొలాల్లో ఏదో తగలబెట్టి ఉంటారు" అన్నాను. ఆ మాట గుర్తు పెట్టుకోండి.

మే నెలలో విజయనగరంలో మా మేనత్త మనవరాలి పెళ్ళి. మా అమ్మ, మా ఆవిడ, మా అమ్మాయి, నేను కారులోనే వెళ్ళాం. మా అమ్మకు డెబ్బై ఎనిమిదేళ్ళు, రక్తపోటుకు మాత్ర వేసుకుంటుంది. తిరుగు ప్రయాణంలో పొద్దున్నే బయలుదేరాలనుకున్నాం గాని, పెళ్ళివారి ఇల్లు కదా, పసుపూ కుంకుమా, తాంబూలమూ, సారె పంపకాలూ అయ్యేసరికి పది దాటింది. సాలూరు వచ్చేసరికి ఎండ నిప్పులు చెరుగుతున్నది. రెండు రాత్రుల జాగారంతో నా కళ్ళు మూతలు పడుతున్నాయి. మా అమ్మాయి ఆ ఏడే లైసెన్సు తీసుకున్నది. "నేను నడుపుతాను నాన్నా, మీరు వెనకాల పడుకోండి" అన్నది. మంచి దారి, అమ్మాయి నెమ్మదస్తురాలు. సరేనన్నాను.

ఈ దారి మన చదువరులలో చాలామందికి తెలిసినదే. సాలూరు కొండ అడుగున ఉన్నది. కోరాపుట్ సముద్రమట్టానికి ఎనిమిది వందల మీటర్లకు పైన ఉన్నది. పి.కోనవలస దాటాక మొదలైన ఎక్కుడు సుంకి వరకు వదలదు. మాకు ముందు బరువు వేసుకున్న లారీ ఒకటి, దాని ముందు మరొకటి. వంపుల మీద దాటడానికి వీలులేదు. అమ్మాయి బుద్ధిగా వాటి వెనుక మొదటి గేరూ రెండో గేరూ మారుస్తూ ఎక్కిస్తున్నది. కన్ను లారీ మీద ఉన్నది, వంపు మీద ఉన్నది, అంచు మీద ఉన్నది. ముల్లు మీద లేదు. కొత్తగా నడిపేవాళ్ళకు అది సహజం.

"నాన్నా! పొగ!" అన్న కేకకు లేచాను. పొగ కాదు, ఆవిరి. బానెటు సందుల్లోనుంచి తెల్లగా లేస్తున్నది. తియ్యటి వాసన. ముల్లు ఎర్రగీత దాటి ఆఖరుకు ఆనుకుని ఉన్నది. వంపు దగ్గర కాస్త జాగా ఉంటే అమ్మాయి పక్కకు తీసి ఇంజను ఆపింది. అంత కంగారులోనూ చేతిబ్రేకు వేసింది.

నేను దిగి బానెటు ఎత్తి, భుజం మీద తువ్వాలు మడిచి, రేడియేటరు మూత మీద చెయ్యి వేశాను. వెనుక సీటులోనుంచి మా అమ్మ ఒక్క అరుపు అరిచింది. "ఒరే! ఆవిరి పోకుండా కుక్కరు మూత తీస్తావట్రా ఎవడైనా?"

చెయ్యి వెనక్కు తీసుకున్నాను. మా అమ్మ కారు నడపలేదు, బడికి పోయినది అయిదేళ్ళు. కాని ఆమె చెప్పినది అక్షరాలా నిజం. రేడియేటరు మూతలో స్ప్రింగు ఉంటుంది. లోపలి ఒత్తిడిని అది బయటి గాలికంటె సుమారు 0.9 కిలోల మేరకు పెంచి నిలబెడుతుంది. ఆ ఒత్తిడిలో మామూలు నీళ్ళు కూడా సుమారు 118 డిగ్రీలదాకా మరగవు. వంటింటి కుక్కరులో పప్పు తొందరగా ఉడికేదీ ఈ కారణంచేతనే. మూత తీసిన క్షణంలో ఆ ఒత్తిడి పోయి, 118 డిగ్రీల నీళ్ళు ఒక్కసారిగా ఆవిరై మొహాన కొడతాయి. మా అమ్మ కేక వెయ్యకపోతే ఈ పుట ఈ నెల ఇంకెవరైనా వ్రాసి ఉండేవారు.

భయం కాస్త తగ్గగానే నాకు కోపం వచ్చింది. మనుషుల వరస అదే కదా. అమ్మాయి మీద విరుచుకుపడ్డాను. "ముల్లు చూడనక్కరలేదా? ఘాటులో ఫ్యాను స్విచ్చి వెయ్యనక్కరలేదా?"

అమ్మాయి నా వంక చూసి, "ఏ స్విచ్చి నాన్నా?" అన్నది.

నేను మా ఆవిడ వంక చూశాను. "నాకూ తెలియదు" అన్నది. "మన పత్రికలో వ్రాశాను కదా!" అన్నాను. "మీరు వ్రాసింది నేను చదవాలా? ఇంట్లో ఉన్న మనిషికి నోటితో చెప్పవచ్చు కదా!" అన్నది. అమ్మాయి ఆ దీపావళికి హాస్టలులో ఉన్నది.

కారులో నలుగురం ఉన్నాం. ఇంజను వేడెక్కితే ఏం చెయ్యాలో తెలిసినది ఒక్కడికి. ఆ ఒక్కడూ నిద్రపోతున్నాడు. ఊరూరికీ ఉన్న మన తెలుగు కుటుంబాలన్నిటికీ అచ్చువేసి చెప్పిన సంగతి, స్టీరింగు చేతికిచ్చిన కూతురికి చెప్పలేదు. నేను ఇంకేమీ మాట్లాడలేదు. అమ్మాయి కళ్ళు తుడుచుకుని వెళ్ళి వాళ్ళ నాయనమ్మ పక్కన కూర్చున్నది.

అక్కడ నీడ లేదు. మా అమ్మను దింపి, రాతి గోడ వారగా తువ్వాలు పరిచి కూర్చోబెట్టి, మా ఆవిడ చీరకొంగు పట్టి నీడ చేసింది. మా దగ్గర ఉన్నది ఒక్క సీసా నీళ్ళు. అవి ఆమెకే తాగించాం. మామూలుగా గలగలా మాట్లాడే మనిషి, మాట్లాడడం మానేసింది. చెయ్యి పట్టుకుంటే సెగలు పోతున్నది. ఆ గంటసేపు నేను పడిన బాధ ఇంజను కోసం కాదు.

ఒక లారీ డ్రైవరు, సాలూరు మనిషే, ఆపి దిగాడు. మా చక్రం కింద రాయి పెట్టాడు, మా అమ్మకు తన కూజాలోని చల్లని నీళ్ళు ఇచ్చాడు, డబ్బాతో ఇంజనుకు వేరే నీళ్ళు ఇచ్చాడు. "ఇప్పుడే పొయ్యకండి. కాలిన దాని మీద చన్నీళ్ళు పోత్తే ఇనుమైనా పగుల్తాది. పై గొట్టం చేత్తో పట్టుకోగలిగినంత చల్లారనివ్వండి. ఆనక మూత తియ్యండి. పైకెళ్ళకండి, సాలూరు దిగిపోండి" అని చెప్పి తన దారిన పోయాడు. పేరు అడగాలన్న స్పృహ కూడా నాకు లేకపోయింది. ఎక్కడున్నా చల్లగా ఉండాలి.

గంట గడిచాక అతను చెప్పినట్టే చేసి, నా స్విచ్చి వేసి, గేరులోనే ఉంచి మెల్లగా దిగాం. సాలూరు లారీలకు పేరుపడ్డ ఊరు. అక్కడ బండి విద్య తెలిసిన మేస్త్రీలకు కొదవలేదు. మాకు చెప్పిన మేస్త్రీ అరవై దాటిన మనిషి. ముందుగా మా అమ్మను లోపలికి తీసుకుపోయి, వాళ్ళ ఇంటివాళ్ళచేత ఉప్పు వేసిన మజ్జిగ ఇప్పించాడు. సాయంకాలానికి ఆమె లేచి కూర్చుని, "ఇంకా అవలేదా?" అన్నప్పుడు నాకు ప్రాణం లేచివచ్చింది.

ఆ మధ్యలో మేస్త్రీ డ్యాష్‌బోర్డు కిందకు దూరి, నా స్విచ్చిని పీకి, అరచేతిలో పెట్టి చూపించాడు. దాని వీపు నల్లగా మాడి, ఒక మూల కరిగి ఉన్నది.

"ఇదేటి బాబూ, ఫ్యాను స్విచ్చా, స్నానాలగది లైటు స్విచ్చా?"

నిజమే. అది గోడకు పెట్టే 6 ఆంపియర్ల స్విచ్చి. చిన్న కారు ఫ్యాను కూడా 10 ఆంపియర్లకు తక్కువ తీసుకోదు. కదిలేటప్పుడు ఇంకా ఎక్కువ. ఆ కరెంటంతా నా మోకాలి పక్కనుంచి, బల్బుకు వేసే సన్నతీగెలో, నడుమ ఎక్కడా ఫ్యూజు లేకుండా ఎనిమిది నెలలు పారింది. మా ఆవిడ ముక్కుకు తగిలిన ప్లాస్టిక్కు వాసన పొలాలది కాదు. ఇంజను గదికీ మనుషుల గదికీ మధ్యనున్న రేకు కన్నంలోంచి ఆ తీగెను రబ్బరు కూడా లేకుండా దూర్చారు. రేకు అంచుకు పై తొడుగు సగం ఒరుసుకుపోయి ఉన్నది. ఇంకొంచెం ఒరుసుకుంటే రాగి రేకును తాకేది. ఫ్యూజు లేని తీగె బ్యాటరీ కరెంటంతా లాగి ఎర్రగా కాలేది. ఆవిరి కనిపించింది కనుక దిగాం. మంట లోపలనే పుడితే ఎట్లా ఉండేదో ఊహించదలచుకోలేదు.

తరువాత మేస్త్రీ అసలు రిలే ఊడదీసి పక్కకు పెట్టి, కొత్తది గుచ్చి, కత్తిరించిన తీగెను కలిపి, ఇంజను వేసి, ఏసీ మీట నొక్కాడు. ఫ్యాను బుర్రుమని తిరిగింది.

"మొదట్నుంచీ పోయింది ఇదొక్కటే బాబూ. దీన్ని మార్చకుండా కాపలావోణ్ణి పన్లోంచి తీసేసి, మీరే కాపలా కూకున్నారు. మరి కాపలా మనిషికి నిద్దరొత్తే?"

ఆ రిలే ఖరీదు రెండు వందల పాతిక రూపాయలు. నా స్విచ్చి దానిని బాగుచెయ్యలేదు, కనబడకుండా కప్పిపెట్టింది. ఆఫీసులో ఒక్క గుమాస్తా బుర్రలో మాత్రమే ఉండే ఫైళ్ళు కొన్ని ఉంటాయి. అతడు సెలవు పెట్టిన రోజున ఆ పని ఆగిపోతుంది. అటువంటి గుమాస్తాను చూసి నేనే ఎన్నోసార్లు విసుక్కున్నాను. ఇంట్లో మాత్రం నేను చేసినది ఆ పనే.

"అయితే స్విచ్చి వద్దంటారా మేస్త్రీ?" అని అడిగాను. "వద్దని ఎవరన్నారు? ఉండాలి. కాపలావోడు ఉండగా, పక్కన రెండో మనిషిలాగ ఉండాలి" అన్నాడు. అప్పుడు అతడు చేసినదీ, నేను దగ్గర కూర్చుని చూసి వ్రాసుకున్నదీ ఇది. నా పాత పుటను చించివేసి దీనిని ఉంచుకోండి.

మొదటిది, ఫ్యాను తనంతట తాను తిరగవలసిన ఏర్పాటు ముందుగా బాగుపడాలి. దాని తీగెలు కత్తిరించరాదు. చేతి స్విచ్చి "తిరుగు" అని చెప్పగలగాలి గాని, "తిరగవద్దు" అని చెప్పగలగరాదు. స్విచ్చి తీసి ఉన్నప్పుడు బండి ఫ్యాక్టరీ నుంచి వచ్చిన తీరుగానే పనిచేయాలి. ఇది ఒక్కటి సరిగా ఉంటే, స్విచ్చి సంగతి తెలియనివారు నడిపినా ప్రమాదం లేదు.

రెండవది, పెద్ద కరెంటు మనుషుల గదిలోకి రారాదు. అందుకు రెండవ రిలే ఒకటి ఇంజను గదిలోనే పెట్టాలి. బ్యాటరీ ప్లస్సు నుంచి లావు తీగె, అంటే రెండున్నర చదరపు మిల్లీమీటర్లకు తగ్గనిది, బయలుదేరుతుంది. బయలుదేరిన జానెడు దూరంలోనే ఫ్యూజు ఉండాలి. మా ఫ్యానుకు 20 ఆంపియర్ల ఫ్యూజు పెట్టాడు. అక్కడి నుంచి రిలేలో 30 అంకె వేసిన కాలికి తీగె వస్తుంది. 87 అంకె కాలి నుంచి ఫ్యాను మోటారు ప్లస్సు తీగెకు కలుస్తుంది. ఇక రిలేను లేపే సన్నతీగెలు రెండు. 86 కాలికి తాళం తిప్పితేనే కరెంటు వచ్చే తీగె. 85 కాలి నుంచి సన్నతీగె డ్యాష్‌బోర్డు స్విచ్చికి వచ్చి, అక్కడి నుంచి బండి బాడీకి. ఈ సన్నతీగెలో పారేది ఆంపియరులో అయిదోవంతుకు మించదు. చిన్న స్విచ్చి చాలు, వేడెక్కదు.

మూడవది, తాళం తిప్పితేనే కరెంటు వచ్చే తీగె అని ఊరకే అనలేదు. ఎల్లప్పుడూ కరెంటు ఉండే తీగెకు కలిపితే, బండి ఆపి ఇంట్లోకి పోయాక కూడా ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది. చిన్న కారు బ్యాటరీ సాధారణంగా 35 ఆంపియరు గంటలది. ఫ్యాను 10 ఆంపియర్ల చొప్పున లాగితే మూడు నాలుగు గంటలలో ఖాళీ. వేసినప్పుడు వెలిగే చిన్న దీపమున్న స్విచ్చి పెట్టించుకోండి. మరిచిపోతే అదే చెబుతుంది.

నాలుగవది, రేకు కన్నం గుండా తీగె పోయేచోట రబ్బరు వాషరు తప్పనిసరి. తీగెలు పొగగొట్టానికీ ఫ్యాను రెక్కలకూ దూరంగా కట్టించండి.

అయిదవది, ఈ అమరిక ప్లస్సు తీగెను రిలే కలిపే బండ్లకు. కొన్ని బండ్లలో మైనస్సు వైపున కలుపుతారు, కొన్నింటిలో ఫ్యాను వేగాన్ని హెచ్చుతగ్గులు చేసే ప్రత్యేకమైన పెట్టె ఉంటుంది. మీ బండి ఏ రకమో తీగెల పటం చూసి తేల్చగల కార్ల ఎలక్ట్రీషియను చేతనే చేయించండి. పెట్టె ఉన్న రకమైతే ఈ స్విచ్చి జోలికి పోవద్దు. కంపెనీ పూచీకాలం నడుస్తున్న కొత్త బండికి తీగె కలిపితే ఆ పూచీకి అడ్డంకి రావచ్చును. దానికి ఈ స్విచ్చి అవసరమూ ఉండదు.

ఈ స్విచ్చి వల్ల ఇంజను మరీ చల్లబడిపోతుందేమోనని రాయగడవారు అడిగారు. చల్లబడదు. ఇంజను నుంచి రేడియేటరుకు నీళ్ళు పోయే దారిలో థర్మోస్టాటు అనే తలుపు ఉన్నది. నీళ్ళు సుమారు 82 నుంచి 88 డిగ్రీలకు వచ్చేదాకా అది తెరుచుకోదు. ఫ్యాను ఊరికే తిరిగితే మోటారు అరుగుదల, కరెంటు ఖర్చు, అంతే.

స్విచ్చి చెయ్యలేని పనులు కూడా చెప్పాలి. ఫ్యాను తిరుగుతూ ఉండగా ముల్లు పైకి పోతున్నదంటే జబ్బు ఫ్యానులో లేదు. నీళ్ళు తగ్గి ఉండవచ్చు, మూత స్ప్రింగు నీరసించి ఉండవచ్చు, థర్మోస్టాటు మూసుకుని బిగిసి ఉండవచ్చు, పంపు పోయి ఉండవచ్చు, రేడియేటరు దుమ్ముతో పూడి ఉండవచ్చు. అప్పుడు స్విచ్చిని నమ్ముకుని ముందుకు పోతే ఇంజను పై భాగమైన హెడ్డు వంగిపోతుంది. మాది వంగలేదు. అమ్మాయి వెంటనే ఆపడమే దానికి కారణమని మేస్త్రీ అన్నాడు. ఆ మాట అందరి ఎదుటా అన్నాడు, అమ్మాయి కూడా విన్నది.

ఇక అందరికీ పనికివచ్చే నాలుగు ముక్కలు. ఏసీ ఉన్న బండ్లలో చాలావాటికి, ఏసీ వేయగానే ఫ్యాను తిరగడం మొదలుపెడుతుంది. పొరుగూరు బయలుదేరేముందు ఇంటి వాకిట్లోనే ఏసీ వేసి, దిగి, ఆ చప్పుడు వినండి. అర నిమిషం పని. దారిలో ముల్లు పైకి పోవడం మొదలైతే ఏసీ ఆపి, హీటరు పూర్తిగా తిప్పండి. మే నెలలో హీటరేమిటని నవ్వకండి. ఇంజను వేడిలో కొంత అది లాగేస్తుంది. మనకు చెమటపడితే పట్టనివ్వండి. ఆవిరి కనిపిస్తే మాత్రం పక్కకు తీసి ఇంజను ఆపవలసిందే. ఆపిన తరువాత కూడా కొన్ని బండ్లలో ఫ్యాను తనంతట తాను తిరగడం మొదలుపెడుతుంది కనుక రెక్కల దగ్గర వేలు పెట్టవద్దు. మూత సంగతి మా అమ్మ చెప్పనే చెప్పింది. రేడియేటరులో పోసే రంగునీళ్ళు తియ్యగా ఉంటాయి, కాని విషం. మిగిలిన డబ్బాను పిల్లలకు అందకుండా పెట్టండి. కింద ఒలికితే కుక్కలు నాకకముందే కడిగివేయండి.

సాలూరులో ఆ రాత్రి మేస్త్రీగారింటి అరుగు మీద పడుకుని, తెల్లవారుజామున చల్లగా ఉండగా బయలుదేరాం. అన్నీ కలిపి పధ్నాలుగు వందలు పుచ్చుకున్నాడు. మజ్జిగకు డబ్బు ఇవ్వబోతే కోప్పడ్డాడు. ఘాటు మొదట్లో నేను బండి ఆపి, తాళం అమ్మాయి చేతికిచ్చి, "నువ్వే ఎక్కించు" అన్నాను. స్విచ్చి చూపించాను. దానిని వెయ్యకపోయినా ఫ్యాను తిరుగుతుందనీ, వేస్తే తప్పక తిరుగుతుందనీ చెప్పాను. మా ఆవిడకు కూడా చూపించాను. మా అమ్మ, "నాకూ చూపించరా" అన్నది. చూపించాను.

సుంకి చేరేలోపల ఫ్యాను రెండుసార్లు తనంతట తానే తిరిగి ఆగింది. స్విచ్చి వెయ్యవలసిన అవసరం రాలేదు. ఇంటికి వచ్చాక అమ్మాయి చిన్న కాగితం మీద "ఫ్యాను. ముల్లు సగం దాటితే వెయ్యాలి" అని తెలుగులోనూ ఒరియాలోనూ వ్రాసి స్విచ్చి పక్కన అంటించింది. ఆ పని నేను ఎనిమిది నెలల కిందటనే చేసి ఉండవలసినది.

జయపురంవారూ, రాయగడవారూ, బరంపురం అమ్మగారూ ఈ సవరణ అందినట్లు ఒక్క ముక్క వ్రాస్తే నాకు నిద్ర పడుతుంది. మీ స్విచ్చి నా మొదటి తీరులో ఉంటే, ఈ ఆదివారమే విప్పించండి.